ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజే చెప్పాలి

(మండల రైతు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను లేస్తే పొగాకు ధర గురించో, బ్యారన్ లైసెన్సుల గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. ఇరవై ఏళ్లుగా ఈ మైకు ముందు నేను మాట్లాడింది అదే. ఇవాళ మాత్రం వేరే మాట చెప్పడానికి అనుమతి అడిగి తీసుకున్నాను. ఇది కూడా పొగాకు గురించే. కాకపోతే వేలం కేంద్రంలో బేళ్లు కట్టి పెట్టిన పొగాకు కాదు, మన జేబులో అగ్గిపెట్టె పక్కన ఉండే పొగాకు. మనలో ఎవరికైనా ఆపరేషన్ పడినప్పుడు ఆ జేబులోది ఏం చేస్తుంది, ఆ సంగతి మనకు ఎవరు ఎప్పుడు చెప్పాలి, చెప్పకపోతే ఏమవుతుంది అన్నదే నా మాట.

ముందుగా ఒక అనుమానం తీరుస్తాను. పొగాకు పండించేవాడివి, పొగ తాగొద్దని ఎలా చెబుతావు అని మీలో కొందరికి అనిపిస్తుంది. మా ఇంట్లోనే అడిగారు. పంట మన బతుకుతెరువు. దానికి గిట్టుబాటు ధర అడగడం మన హక్కు, అది అడుగుతూనే ఉంటాం. వేరే పంటకు పోవాలంటే ప్రభుత్వం దారి చూపించాలి, అదీ అడుగుతూనే ఉంటాం. మన ఊపిరితిత్తులు మాత్రం ఏ కంపెనీకీ కౌలుకు ఇవ్వలేదు. పురుగుమందు కొట్టే రైతు ఆ మందు తాగడు కదా. ఇదీ అంతే.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. నేను పదిహేడో ఏట బీడీ పట్టాను. మా నాయన చుట్ట తాగేవాడు, ఆయన చుట్టకు నిప్పు తెచ్చి ఇవ్వడంతో మొదలైంది. తర్వాత రోజుకు ఒక కట్ట అయింది. చేతిలో డబ్బు ఆడిన ఏడాది సిగరెట్, ఆడని ఏడాది బీడీ. తొమ్మిదేళ్ల కిందట గజ్జల్లో హెర్నియా వచ్చింది. బస్తా ఎత్తినప్పుడల్లా ఉబ్బేది. పట్నంలో ఒక ఆసుపత్రిలో చూపించుకున్నాను. దీపావళి వెళ్లిన వారానికి చూపిస్తే, ఐదు వారాల తర్వాత రమ్మని తేదీ ఇచ్చారు. పథకం కార్డు మీద చేస్తామన్నారు. ఆ రోజు నాకు చెప్పినవి మూడు మాటలు. రక్త పరీక్ష చేయించుకో, ముందు రాత్రి నుంచి ఏమీ తినకు, తోడుగా ఒక మనిషిని తెచ్చుకో. అంతే.

ఐదు వారాలు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఆ ఐదు వారాలూ నేను మామూలుకంటే ఎక్కువే తాగాను. కోత అంటే భయం. నారు పెట్టిన చేను ఒక పక్క, జనవరిలో ఆకు కోతకు వచ్చేనాటికి లేచి తిరగగలనా అన్న దిగులు ఒక పక్క. దిగులు పుడితే బీడీ వెలిగించడం తప్ప మనకు తెలిసిన మందు లేదు. ఆపరేషన్ రోజు పొద్దున కూడా ఆసుపత్రి గోడ వెనక ఒకటి తాగి లోపలికి పోయాను. లోపల ఒక కాగితం నింపారు. పొగ అలవాటు ఉందా అని అడిగింది ఒక అమ్మాయి. ఉందన్నాను. టిక్కు పెట్టుకుంది. లోపలికి తోసుకెళ్లే ముందు మత్తు డాక్టరు గారు ఆ కాగితం చూసి, ఏమయ్యా, ఇవన్నీ మానెయ్యాలయ్యా అన్నారు. అప్పటికి నేను బల్ల మీద పడుకుని ఉన్నాను. ఏం మానను, ఎప్పుడు మానను? చేతులు కాలాక ఆకులు పట్టుకోమన్నట్టు ఉంది ఆ మాట.

ఆపరేషన్ బాగానే చేశారు. నేను డాక్టర్ల చేతిని తప్పు పట్టడం లేదు. రెండో రోజు నుంచి దగ్గు పట్టుకుంది. పొగ తాగేవాడి దగ్గు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. దగ్గిన ప్రతిసారీ కుట్లు పట్టుకుని ముడుచుకుపోయేవాణ్ణి. నొప్పికి భయపడి గట్టిగా దగ్గకపోతే తెమడ లోపలే ఉండిపోయేది. మూడో రోజు నా స్నేహితుడు చూడటానికి వచ్చాడు. పాపం, ప్రేమతోనే, ఒరే, ఒక్క దమ్ము కొడితే తేలికపడుతుందిరా అని మెట్ల వెనక్కి నడిపించుకుపోయి వెలిగించి ఇచ్చాడు. వాడు ఇప్పుడు ఈ సభలోనే ఉన్నాడు. నువ్వేమీ అనుకోకురా. ఆ రోజు నీకూ తెలియదు, నాకూ తెలియదు.

పదో రోజుకు కుట్ల దగ్గర చీము పట్టింది. రెండు నెలలు కట్లు కట్టించుకుంటూ తిరిగాను. ఆ రెండు నెలలే మనకు ఆకు కోత, బ్యారన్ కాల్చడం. మా ఆవిడ, అప్పుడు ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి రాత్రిళ్లు బ్యారన్ దగ్గర కాపలా ఉన్నారు. వాడికి ఆ వయసులో వేడి ఎంత పెట్టాలో, ఎప్పుడు తగ్గించాలో ఏం తెలుసు? రెండు బ్యారన్ల ఆకు రంగు పోయింది. కూలీలకు అదనంగా పోయింది, పట్నానికి తిరగడానికి పోయింది. ఆపరేషన్ ఖర్చు పథకం ఇచ్చింది. ఆకు రంగు పోయిన నష్టం ఏ పథకం ఇస్తుంది? అంతటితో అయిందా అంటే, రెండేళ్లకు హెర్నియా అదే చోట మళ్లీ వచ్చింది. మళ్లీ కోయాలన్నారు.

రెండోసారి వేరే ఆసుపత్రికి పోయాను. అక్కడా నెల పైన తేదీ ఇచ్చారు. కానీ ఆ రోజే ఒక నర్సమ్మ నన్ను పక్క గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. మా అమ్మాయి వయసు ఉంటుంది. బాబాయ్, నీకు ముప్పై నాలుగు రోజులు టైముంది, ఈ ముప్పై నాలుగు రోజులు నీ చేతిలో పని, ఆ తర్వాతది మా చేతిలో పని అంది. పావుగంట మాట్లాడింది. తిట్టలేదు, భయపెట్టలేదు, నీతులు చెప్పలేదు. పొగ తాగితే గాయం ఎందుకు మానదో చెప్పింది. ఎన్ని రోజులు మానితే ఏం బాగుపడుతుందో చెప్పింది. మానేటప్పుడు ఏం బాధ వస్తుందో, దానికి ఏం చేయాలో చెప్పింది. మా ఆవిణ్ణి కూడా పిలిచి చెప్పింది. నేను ఇరవై ఎనిమిదేళ్లుగా మానలేనిది ఆ పావుగంటతో మానానని చెప్పను. నాలుగో రోజు ఒకసారి తప్పాను. మళ్లీ మొదలుపెట్టాను. ఆపరేషన్ నాటికి ఇరవై తొమ్మిది రోజులు అయింది. గాయం పన్నెండు రోజుల్లో ఆరింది. ఇవాళ్టి దాకా మళ్లీ ముట్టలేదు, హెర్నియా మళ్లీ రాలేదు.

మొదటిసారి చీము పట్టడానికి, హెర్నియా తిరగబెట్టడానికి పొగే కారణమా అని తర్వాత ఒక డాక్టరు గారిని అడిగాను. ఆయన నిజాయితీగా చెప్పారు. నీ ఒక్కడి విషయంలో ఇదే కారణమని ఎవరూ గీత గీసి చెప్పలేరు, పొగ తాగని వాళ్లకు కూడా ఒక్కోసారి చీము పడుతుంది, కానీ తాగేవాళ్లలో అది చాలా ఎక్కువ, హెర్నియా తిరగబెట్టడం కూడా ఎక్కువ అన్నారు. నాకు ఆ మాట చాలు. విత్తనం వేసిన ప్రతి చేనూ పండదు. అలాగని ఎవడూ చచ్చు విత్తనం ఏరి వేసుకోడు.

ఆ నర్సమ్మ దగ్గర, ఆ డాక్టరు గారి దగ్గర తెలుసుకున్నది మన భాషలో చెబుతాను.

పొగలో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి నికోటిన్. దాని గురించి మనకు వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. పొద్దున్నే మంచుతో తడిసిన ఆకు కోసేటప్పుడు కూలీలకు తల తిరిగి వాంతులు అవుతాయి చూశారా, అది ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోవడం వల్లే. అదే నికోటిన్ పొగలో పోతే రక్తనాళాలను బిగిస్తుంది. గాయం మానాలంటే అక్కడికి రక్తం అందాలి. నారు నాటిన తర్వాత వేరు పట్టేదాకా నీరు అందాలా వద్దా? డ్రిప్పు పైపును మడిచి పట్టుకుని, మొక్క ఎందుకు బతకలేదని అడిగితే ఎలా?

రెండోది కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాసు. మన రక్తంలో ప్రాణవాయువును మోసుకుపోయే బండ్లు ఉన్నాయి అనుకోండి. ఈ గ్యాసు ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లు పైగా గట్టిగా ఆ బండ్లను పట్టుకుంటుంది. బండి తిరుగుతూనే ఉంటుంది, కానీ అందులో సరుకు వేరే. మత్తులో ఉన్నప్పుడు గుండెకు, మెదడుకు ప్రాణవాయువు బాగా కావాలి. సరిగ్గా అప్పుడే కొరత పడుతుంది.

మూడోది ఊపిరితిత్తుల సంగతి. గాలిగొట్టాల్లో సన్నటి నూగు ఉంటుంది. అది తెమడను పైకి ఊడ్చిపోస్తూ ఉంటుంది. పొగ ఆ నూగును పడేస్తుంది. ఆపరేషన్ తర్వాత మంచం మీద కదలకుండా ఉంటాం, నొప్పికి దగ్గలేం, తెమడ పేరుకుంటుంది, నెమ్ము చేస్తుంది. కుట్లు మానడం సంగతి అలా ఉంచండి, ప్రాణానికే ముప్పు.

ఎముక విరిగిన వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పొగ తాగేవాడి ఎముక ఆలస్యంగా అతుకుతుంది, ఒక్కోసారి అతకనే అతకదు. ట్రాక్టర్లు తిరగబడి, బైకులు గుద్దుకుని కాళ్లు విరిగేది ఎక్కువగా మనవాళ్లకే. ఇక కాలి రక్తనాళాలు మూసుకుపోయే జబ్బు ఒకటుంది. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు, అందులోనూ వయసులో ఉన్నవాళ్లకు వస్తుంది. వేళ్లు నల్లబడతాయి. వేలు తీసేస్తారు. పొగ మానకపోతే తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలు దాకా పోతుంది. అక్కడ కోయడం డాక్టరు పని, ఆపడం మన పని.

ఇవన్నీ విని గుండె జారిపోనక్కర్లేదు. మంచి సంగతి కూడా ఉంది. మానిన రోజు నుంచే బాగుపడటం మొదలవుతుంది. ఆ గ్యాసు ఒకటి, ఒకటిన్నర రోజుల్లో రక్తంలోంచి చాలావరకు పోతుంది. మూడు నాలుగు వారాలకు గాయం మానే గుణం మెరుగవుతుంది. ఊపిరితిత్తులు శుభ్రపడటానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరిలో ఈ విషయం మీదే ఒక నివేదిక ఇచ్చింది. ఆపరేషన్‌కు నాలుగు వారాలు, అంతకు పైన ముందు మానినవాళ్లకు చిక్కులు తక్కువని, నాలుగు వారాలు దాటాక మానిన ఒక్కో వారానికీ ఫలితం 19 శాతం చొప్పున మెరుగవుతుందని అందులో చెప్పారు.

డెన్మార్క్‌లో చేసిన ఒక పరీక్ష 2002లో అచ్చయింది. తుంటి, మోకాలు కీళ్లు మార్చాల్సిన 120 మంది పొగతాగేవాళ్లను తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యమే. మిగతా సగం మందిని ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు నుంచే వారం వారం ఒక నర్సు కూర్చోబెట్టి మాట్లాడి, నికోటిన్ మందు ఇచ్చి మానిపించే ప్రయత్నం చేశారు. ఆపరేషన్ తర్వాత మామూలు జట్టులో నూటికి 52 మందికి ఏదో ఒక చిక్కు వచ్చింది. మాట్లాడి మానిపించిన జట్టులో నూటికి 18 మందికే వచ్చింది. గాయానికి సంబంధించిన చిక్కులు చూస్తే నూటికి 31 ఒక పక్క, 5 ఒక పక్క. డాక్టరు అదే, కత్తి అదే, ఆసుపత్రి అదే. తేడా ఏమిటంటే, ముందే కూర్చోబెట్టి మాట్లాడటం, చేయి పట్టుకుని నడిపించడం.

అందుకే ఐదు వారాలు గుర్తుపెట్టుకోమన్నాను. మొదటిసారి నా చేతిలో ఐదు వారాలు ఉన్నాయి. ఎవరూ చెప్పలేదు కాబట్టి అవి బీడీ పొగలో పోయాయి. చెప్పి ఉంటే మానేవాడివా అని మీరు అడగవచ్చు. నూటికి నూరు పాళ్లు చెప్పలేను. కానీ మనిషి మాట వినే సమయం ఒకటి ఉంటుంది. పదును మీద ఉన్నప్పుడే విత్తాలి. సినిమా హాల్లో ప్రకటన చూసినప్పుడు మనం వినం. పెట్టె మీద 85 శాతం హెచ్చరిక వేసినా కళ్లు అలవాటు పడిపోయాయి. కానీ ఫలానా రోజు నీ పొట్ట కోస్తాం అని తేదీ చేతిలో పెట్టినప్పుడు ఎంత మొండివాడైనా వింటాడు. ఆ పదును పోగొట్టుకుని, బల్ల మీద పడుకోబెట్టాక మానెయ్యవయ్యా అంటే ఏం లాభం?

ఇప్పుడు మనవాళ్లు అనే మాటలకు జవాబు చెబుతాను.

బీడీ ఆకే కదా, సిగరెట్ అంత చెడ్డది కాదు అంటారు. తప్పు. బీడీలో పొగాకు కొంచెమే ఉన్నా, ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. నికోటిన్, తారు, ఆ గ్యాసు సిగరెట్ కంటే తక్కువేమీ పోవు, ఎక్కువే పోతాయి. చుట్ట కూడా అంతే. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు, వాళ్లకు అంగిట్లో క్యాన్సర్ వస్తుంది. మన దగ్గరా చుట్ట తాగే ముసలమ్మలు ఉన్నారు. ఆసుపత్రిలో అడిగితే సిగ్గుపడి లేదంటారు. దాచొద్దమ్మా. మత్తు ఇచ్చే డాక్టరు దగ్గర దాస్తే ప్రమాదం మనకే.

పొగ మానేసి ఖైనీ, గుట్కా వేసుకుంటాం అంటారు. అందులోనూ నికోటినే. పైపు మడవడం మానలేదు, చెయ్యి మార్చామంతే.

వెన్నుకు ఇంజక్షన్ ఇచ్చి చేస్తారట, పూర్తి మత్తు కాదట, ఇంకేం భయం అంటారు. మత్తు ఎక్కడ ఇచ్చినా గాయం మానాల్సింది రక్తంతోనే.

ఆపరేషన్ దగ్గర పెట్టుకుని మానితే దగ్గు ఎక్కువై ఇంకా చెడుపు అంటారు. ఒకప్పుడు కొందరు డాక్టర్లకే ఆ అనుమానం ఉండేది. తర్వాత వచ్చిన పరిశోధనల్లో అది నిలబడలేదు. నాలుగు వారాలు దొరికితే మేలు, దొరక్కపోతే వారం, అదీ లేకపోతే ఒక రోజు. ఎంత దొరికితే అంత.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. పొగ మానడానికి టైము కావాలని మీ అంతట మీరు ఆపరేషన్ వాయిదా వేసుకోవద్దు. అపెండిక్స్, క్యాన్సర్, ప్రమాదంలో దెబ్బలు ఇలాంటివి ఆగవు. తేదీ డాక్టరు చెప్పాలి. మనం చేయాల్సింది ఆ రోజు నుంచే మానడం, ఆపరేషన్ అయ్యాక మళ్లీ పట్టకుండా ఉండటం.

మానేటప్పుడు ఏమవుతుందో కూడా చెబుతాను, నేను పడ్డాను కాబట్టి. మొదటి మూడు రోజులు కష్టం. ఊరికే కోపం వస్తుంది, నిద్ర పట్టదు, చేతులు ఖాళీగా ఉన్నట్టుంటుంది. మూడు నాలుగు వారాలకు చాలావరకు తగ్గుతుంది. తాగాలనే కోరిక పుడితే కాసేపే ఉంటుంది, తర్వాత అదే పోతుంది. ఆ కాసేపు మంచినీళ్లు తాగండి, నాలుగు సోంపు గింజలు వేసుకోండి, గట్టు మీద ఒక చుట్టు తిరిగి రండి. టీ కొట్టు దగ్గరికి ఆ నెల రోజులు పోవద్దు. అగ్గిపెట్టె జేబులో పెట్టుకోవద్దు. నికోటిన్ చూయింగ్ గమ్, పట్టీలు మందుల షాపుల్లో దొరుకుతాయి, డాక్టరును అడిగి వాడుకోండి. ప్రభుత్వం వారి ఉచిత ఫోన్ నంబరు ఉంది, 1800-11-2356. బీడీ కట్ట మీద, సిగరెట్ పెట్టె మీద అదే నంబరు అచ్చు వేస్తున్నారు. ఇన్నాళ్లు కట్ట విప్పి పారేశాం గానీ ఆ నంబరు చదవలేదు. ఒకసారి తప్పితే ఇక అయిపోయిందని వదిలేయొద్దు. నేనూ తప్పాను. ఒక తడి తప్పిందని చేను వదిలేస్తామా?

ఇది మన ఒక్కరి తప్పు, మన ఒక్కరి పూచీ అని చెప్పి ఆసుపత్రులను వదిలేయడం నా ఉద్దేశం కాదు. దేశంలో పెద్దవాళ్లలో నూటికి పది మంది పైన పొగ తాగేవాళ్లేనని 2016-17లో ప్రభుత్వం చేసిన సర్వేలోనే తేలింది. మగవాళ్లలో ఇంకా ఎక్కువ. వాళ్లకు ఆపరేషన్లు రావా? కాగితం మీద టిక్కు పెట్టుకోవడం రోగికి చెప్పడం కాదు. అందుకని మన సంఘం తరఫున నాలుగు సంగతులు అడగాలని ప్రతిపాదిస్తున్నాను.

ఒకటి. ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజే, ఆ బల్ల దగ్గరే పొగ గురించి అడగాలి, అప్పుడే చెప్పాలి.

రెండు. అది తెలుగులో, నోటితో చెప్పాలి. చదువు రానివాడి చేతిలో ఇంగ్లీషు కాగితం పెట్టి సంతకం తీసుకుంటే చెప్పినట్టు కాదు. ఇంటి నుంచి వచ్చిన వాళ్లకు కూడా చెప్పాలి.

మూడు. మానడానికి సాయం చేయాలి. పొగాకు నియంత్రణ కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో అలవాటు మాన్పించే కేంద్రాలు పెట్టే ఏర్పాటు ఉంది. తేదీ ఇచ్చినప్పుడే రోగిని అక్కడికి పంపాలి. పథకం కింద ఆపరేషన్ డబ్బు ఇచ్చేవాళ్లు ఆ నెల రోజుల నికోటిన్ మందు కూడా ఇవ్వాలి. గాయం చీము పట్టి మళ్లీ కోయడం కంటే అది చవక.

నాలుగు. గౌరవంగా చెప్పాలి. నీ వల్లే నీకు ఈ గతి అన్న మాట ఏ రోగికీ ఎక్కదు. అలా అంటే రేపటి నుంచి అబద్ధం చెబుతాడు.

ఆసుపత్రులు మారేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. గట్టు తగాదా వస్తే ఇద్దరు పెద్దమనుషులు పోయి కూర్చుని మాట్లాడతాం కదా. అలాగే మన సభ్యుల్లో ఎవరికి ఆపరేషన్ తేదీ వచ్చినా ఇద్దరం ఆ ఇంటికి పోదాం. అందులో ఒకరు మానినవాడు ఉండాలి. ఆ నెల రోజులు వాడికి తోడుందాం. బ్యారన్ కాపలా ఒక రాత్రి మనం ఉందాం. రోగిని చూడ్డానికి పోయేటప్పుడు పండు పట్టుకుపోదాం, బీడీ కట్ట కాదు.

చివరిగా ఒక మాట. మా బావమరిది బైకు మీద నుంచి పడి కాలు విరిగి ఏడు నెలలైంది. ఎముక అతకలేదు. మళ్లీ కోసి, తుంటి దగ్గరి ఎముక ముక్క తీసి పెట్టాలన్నారు. ఐదు వారాలకు తేదీ ఇచ్చారు. అక్కడ ఎవరూ పొగ మాట ఎత్తలేదు. నేను అడిగితే, అవునండీ, మానితే మంచిదే అన్నారు. అడిగితే గానీ చెప్పని మంచిమాట! నేను వాణ్ణి మా ఇంటికి తీసుకొచ్చి పెట్టుకున్నాను. వాడు పదహారో ఏట నుంచి తాగుతున్నాడు. మొదటి రెండు రాత్రులు మంచం మీద దొర్లుతూనే ఉన్నాడు. బావా, కాలు నొప్పి ఓర్చుకోవచ్చు గానీ ఇది ఓర్చుకోలేను అన్నాడు. నేను పక్కన మంచం వేసుకుని పడుకున్నాను. ఇవాళ్టికి పన్నెండో రోజు. వాడి ఎముక అతుకుతుందో లేదో నేను చెప్పలేను, డాక్టరూ చెప్పలేడు. కానీ ఈసారి వాడి చేతిలో ఉన్న పని వాడు చేసి లోపలికి పోతాడు. నాకు మొదటిసారి ఆ అవకాశం ఇవ్వలేదు.

ఈ సభ అయ్యాక ఇంటికి పోయి, మీ ఇంట్లో, మీ బజారులో ఎవరికి ఆపరేషన్ తేదీ ఉందో ఒకసారి గుర్తుచేసుకోండి. ఎవరైనా ఉంటే రేపు పొద్దున్నే పోయి చెప్పండి. ఎన్ని రోజులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పండి. నేను పెట్టిన నాలుగు సంగతులను తీర్మానంగా ఆమోదించి జిల్లా వైద్యాధికారులకు పంపాలని అధ్యక్షుల వారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.